ఉపాధి హామీ పని: జాబ్‌కార్డు దరఖాస్తు నుంచి కూలి ఖాతాలో పడేదాకా

“అడిగాం, పని ఇవ్వలేదు.” ఈ మాట చెప్పినవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే. రసీదు ఉందా? దాదాపు ఎవరి దగ్గరా ఉండదు. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు చెరువు కట్ట మీద కనిపిస్తే చెప్పాం, కూలీల గుంపును నడిపే మేట్‌కు చెప్పాం, సర్పంచి గారి ఇంటికెళ్లి చెప్పాం అంటారు. చెప్పారు, నిజమే. కానీ ఉపాధి హామీలో అడిగినవాళ్లకే పని ఇస్తారు, కాగితం మీద తేదీతో ఉంటేనే అడిగినట్టు లెక్క.

రాయలసీమలో, తెలంగాణలో చాలామంది ఇప్పటికీ దీన్ని ‘కరువు పని’ అనే అంటారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. ఏ వరుసలో ఏం చేయాలో, ఎక్కడ దెబ్బ తింటామో చెప్తాను.

ముందుగా ఒక మాట. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో వీబీ-జీ రామ్ జీ చట్టాన్ని ఆమోదించింది. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల బదులు 125 రోజుల పని, విత్తే కాలంలోనూ కోతల కాలంలోనూ కలిపి 60 రోజుల వరకు పనులు ఆపే వీలు అందులోని పెద్ద మార్పులు. కింద నేను చెప్పే గడువులు 2005 చట్టం ప్రకారం, లెక్కలు 2025-26 కూలి ప్రకారం. దరఖాస్తు ఇచ్చే రోజే మీ పంచాయతీలో ఇప్పుడు ఏ చట్టం నడుస్తోందో, రోజు కూలి ఎంతో అడిగి రాసుకోండి. కొలతలు, మస్టరు (హాజరు పట్టిక), ఆధార్ దగ్గర వచ్చే తంటాలు ఏ చట్టంలోనైనా ఒకటే.

## 1. ఇది మీకు వర్తిస్తుందా?

పల్లెలో ఉండి, 18 ఏళ్లు నిండి, మట్టి పనికి సిద్ధంగా ఉన్న ఎవరైనా అడగవచ్చు. భూమి ఉందా లేదా, తెల్లకార్డు ఉందా, చదువుకున్నారా అన్నవి అడ్డంకులు కావు. డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఖాళీగా ఉన్న కుర్రాడికీ హక్కు ఉంది.

మీ ఊరు మున్సిపాలిటీ పరిధిలో ఉంటే మాత్రం వర్తించదు. పట్టణం పక్కనే ఉన్న పంచాయతీలు విలీనమైనప్పుడు ఈ పని పోయిందని ఆలస్యంగా తెలుసుకుని బాధపడేవాళ్లు ఎక్కువ.

100 రోజులు మనిషికి కాదు, కుటుంబానికి. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఇంట్లో వాళ్లందరూ కలిసి వాడుకోవాలి. భార్యాభర్తలు ఇద్దరూ వెళ్తే 50 రోజుల్లో అయిపోతాయి. అటవీ హక్కు పత్రం తప్ప వేరే భూమి లేని గిరిజన కుటుంబాలకు, కరువు మండలాలుగా ప్రకటించిన చోట్ల మరో 50 రోజులు అదనంగా ఇచ్చే వీలుంది.

అందుకే పెళ్లై వేరు కాపురం పెట్టిన కొడుకు వేరే జాబ్‌కార్డు (కుటుంబం పేరు మీద ఇచ్చే ఉపాధి పని కార్డు) తీసుకోవాలి. ఒంటరి మహిళలకు విడిగా కార్డు ఇస్తారు. అత్తగారి కార్డులోనే నలుగురు పేర్లు పెట్టుకుని ఆగస్టుకల్లా రోజులు అయిపోగొట్టుకున్న ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి.

## 2. కాగితాలకంటే ముందు పేరు, ఆధార్, బ్యాంకు

ఈ పని చివర్లో చేద్దామనుకుంటారు. అదే తప్పు. 2024 జనవరి 1 నుంచి కూలి ఆధార్ ఆధారంగానే పడుతోంది. అంటే మీరు ఇచ్చిన ఖాతా నంబరు కాదు, మీ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు ముడిపడిందో ఆ ఖాతాలోకే డబ్బు వెళ్తుంది.

మా ఊళ్లో ఒక అక్కకు మూడు వారాల కూలి కనపడలేదు. ఆఫీసులో అడిగితే “పడ్డాయమ్మా” అన్నారు, బ్యాంకులో అడిగితే “రాలేదు” అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఎప్పుడో సిమ్ కొన్నప్పుడు వేలిముద్ర వేయించుకుని ఆమె పేరు మీద ఫోన్‌లోనే ఒక ఖాతా తెరిచారు, డబ్బంతా అందులో కూర్చుంది. ఆ ఖాతా ఉందని ఆమెకే తెలియదు.

దరఖాస్తుకు ముందు వీటిని సరిచూసుకోండి:

- ఆధార్‌లో, బ్యాంకు పాసు పుస్తకంలో, రేషన్ కార్డులో పేరు ఒకేలా ఉందా? ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట ఉంటే సరిచేయించండి.
- ఆధార్‌కు ఏ బ్యాంకు ముడిపడి ఉంది? ఆధార్ వెబ్‌సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే తెలుస్తుంది. మీసేవ వాళ్లూ చూసి చెప్తారు.
- ఆ ఖాతా నడుస్తోందా? ఏళ్ల తరబడి వాడని ఖాతా ఆగిపోయి ఉంటుంది. వంద రూపాయలు వేసి తీసి చూడండి.
- ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరే ఉందా?
- మహిళలకు విడిగా ఖాతా ఉందా? భర్త ఖాతాలో వేయించుకోవద్దు.

బ్యాంకు మార్చాలంటే ఆ బ్యాంకుకే వెళ్లి “నా ఆధార్‌ను ఈ ఖాతాకు మ్యాప్ చేయండి” అని ఫారం ఇవ్వాలి. పంచాయతీలో చెబితే అవదు. “ఆధార్ లింక్ అయింది” అని బ్యాంకు వాళ్లు అంటే సరిపోదు. ఖాతాకు ఆధార్ నంబరు ఎక్కించడం ఒకటి, ప్రభుత్వ డబ్బులు ఆ ఖాతాకే రావాలని మ్యాప్ చేయడం ఇంకొకటి. రెండోది అయిందో లేదో గుచ్చి అడగండి.

## 3. జాబ్‌కార్డు తీసుకోవడం

గ్రామ పంచాయతీలో అడగాలి. ఆంధ్రలో అయితే గ్రామ సచివాలయంలోనో ఫీల్డ్ అసిస్టెంటు దగ్గరో, తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి దగ్గర. తెల్లకాగితం మీద రాసి ఇచ్చినా చాలు. ఇంట్లో 18 ఏళ్లు నిండినవాళ్ల పేర్లు, వయసు, ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పుస్తకం జిరాక్సు జత చేయండి.

15 రోజుల్లో కార్డు ఇవ్వాలి. డబ్బు కట్టాల్సింది ఏమీ లేదు, ఫోటో ఖర్చు కూడా ప్రభుత్వానిదే. “ఖర్చులకు” అని ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

కార్డు చేతికొచ్చాక అక్కడే నిలబడి చూసుకోండి:

- అందరి పేర్లు, ఫోటోలు ఉన్నాయా?
- ఆధార్ నంబరు చివరి అంకెలు సరైనవేనా?
- కార్డు నంబరు రాసి ఉందా? ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

కార్డు మీ దగ్గరే ఉండాలి. మేట్ దగ్గరో, ఫీల్డ్ అసిస్టెంటు బీరువాలోనో కాదు. “ఎంట్రీలు వేసి ఇస్తాలేమ్మా” అని తీసుకెళ్లిన కార్డులు నెలల తరబడి తిరిగిరావు. మీరు వెళ్లని రోజులు అందులోకి ఎక్కేది, మీరు వెళ్లిన రోజులు కనపడకుండా పోయేది ఆ నెలల్లోనే.

తెలంగాణలో కార్డులోని రోజులకు ఇంకో విలువా వచ్చింది. 2025 జనవరిలో మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా డబ్బు సాయానికి, భూమి లేని కూలీలు 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలని షరతు పెట్టారు. పనికి వెళ్లి కూడా ఎంట్రీ లేనివాళ్లు అప్పుడు లబోదిబోమన్నారు.

ఈ-కేవైసీ కూడా మర్చిపోవద్దు. 2025 చివర్లో కార్డుల్లో ఉన్న కూలీలందరికీ ముఖం స్కాన్ చేసే పని మొదలైంది. వలస వెళ్లినవాళ్లు పండక్కి ఊరొచ్చినప్పుడే పూర్తి చేయించుకోవాలి.

## 4. పని అడగడం, రసీదు తీసుకోవడం

కార్డు ఉన్నంత మాత్రాన పని రాదు. పని కోసం విడిగా దరఖాస్తు ఇవ్వాలి. చాలామందికి ఇది రెండో మెట్టు అని తెలియదు.

కనీసం 14 రోజుల పని అడగండి. ఒక్కరే వెళ్లేకంటే పది, పదిహేను మంది కలిసి వెళ్లడం మేలు. శ్రమశక్తి సంఘం (ఉపాధి కూలీల గుంపు) ఉంటే సంఘం పేరుతో ఇవ్వండి. ఇలా రాస్తే చాలు:

> పంచాయతీ కార్యదర్శి గారికి,
> .......... గ్రామం, .......... మండలం.
>
> విషయం: ఉపాధి పని కోరుతూ దరఖాస్తు.
>
> అయ్యా, కింద పేర్లు, జాబ్‌కార్డు నంబర్లు రాసిన మేము .......... తేదీ నుంచి .......... తేదీ వరకు పని చేయడానికి సిద్ధంగా ఉన్నాము. మాకు పని చూపించి, ఈ దరఖాస్తు అందినట్టు తేదీతో రసీదు ఇవ్వగలరు.
>
> పేరు – కార్డు నంబరు – సంతకం లేదా వేలిముద్ర
> దరఖాస్తు ఇచ్చిన తేదీ: ..........

రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద “అందినది” అని సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి.

ఇక్కడే బేరం మొదలవుతుంది.

“ఎందుకమ్మా ఇవన్నీ, పని వచ్చినప్పుడు నేనే కబురు చేస్తాగా.”

“మంచిది సార్. ఈ కాగితం మీద మాత్రం ముద్ర వేసి ఇవ్వండి.”

అంతకంటే వాదించక్కర్లేదు. అయినా ఇవ్వకపోతే కోపం తెచ్చుకోవద్దు. అదే దరఖాస్తును ఎంపీడీవో ఆఫీసులో ఉపాధి పనులు చూసే ఏపీవోకు ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి, లేదా రిజిస్టర్ పోస్టులో పంపి ఆ చీటీ దాచుకోండి.

రసీదు ఇవ్వడానికి ఎందుకు వెనకాడతారో తెలిస్తే మీకు ఓపిక వస్తుంది. రసీదు తేదీ నుంచి 15 రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. కూలి కేంద్రం ఇస్తుంది కానీ ఈ భృతి మాత్రం రాష్ట్రం తన జేబులోంచి ఇవ్వాలి. మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతుకు, ఆ తర్వాత సగానికి తగ్గకూడదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 2025-26లో రోజు కూలి 307 రూపాయలు కాబట్టి, ఆ లెక్కన భృతి మొదట రోజుకు 76 రూపాయల 75 పైసలు, తర్వాత 153 రూపాయల 50 పైసలు. ఒక్కరికి చిన్న మొత్తమే, ఊరంతా అడిగితే పెద్ద తలనొప్పి. కాబట్టి రసీదు ఉన్న ఊరికి పని ముందు వస్తుంది.

ఇక్కడ చేసే తప్పులు

- తేదీ లేకుండా దరఖాస్తు ఇవ్వడం. “ఖాళీ వదలండి, మేం వేసుకుంటాం” అంటే ఒప్పుకోవద్దు.
- పని చూపించాక వెళ్లకపోవడం. చూపించిన పనికి 15 రోజుల్లో వెళ్లకపోయినా, నెలలో వారం కంటే ఎక్కువ చెప్పకుండా మానేసినా భృతి హక్కు కొంతకాలం పోతుంది.
- పత్తి ఏరే రోజుల్లోనో, నాట్ల రోజుల్లోనో అడగడం. మంచి కూలి బయట దొరికేటప్పుడు ఈ రోజులు ఖర్చు చేసుకోవద్దు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా చాలాచోట్ల పొలం పని తక్కువ. ఆ నెలలకు జనవరిలోనే దరఖాస్తు పెట్టండి.

పని 5 కిలోమీటర్ల లోపు ఉండాలి. అంతకంటే దూరమైతే కూలి మీద 10 శాతం అదనంగా ఇవ్వాలి. ఆ దూరాన్ని ఎవరూ వాళ్లంతట వాళ్లు లెక్కవేయరు, మీరే గుర్తుచేయాలి.

## 5. పనిలో మొదటి రోజు: మస్టరు, ఫోటో

మస్టరులో పేరు లేకుండా గునపం ఎత్తొద్దు. “ఈ వారం చేయండి, వచ్చే వారం ఎక్కిస్తాం” అన్నమాటకు పని చేసి ఉత్తచేతులతో మిగిలినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వచ్చే వారం మస్టరులో ఈ వారం తేదీలు ఉండవు.

హాజరు ఇప్పుడు ఫోన్ యాప్‌లోనే. 2023 జనవరి నుంచి గుంపు పనులకు రోజుకు రెండుసార్లు ఫోటో తప్పనిసరి అయింది. పొద్దున ఒకటి, కొన్ని గంటల తర్వాత రెండోది. రెండో ఫోటోలో లేకపోతే ఆ రోజు పోయినట్టే. పని తొందరగా ముగించి ఇంటికెళ్లిపోయేవాళ్లకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే.

సిగ్నల్ లేదన్న సాకు మేట్ చెబితే, సిగ్నల్ లేనప్పుడు కూడా యాప్ ఫోటో తీసుకుంటుందని, తర్వాత ఎక్కించవచ్చని చెప్పండి. నిజంగానే ఫోనో సర్వరో మొరాయిస్తే, అదే రోజు మస్టరు కాగితం మీద హాజరు వేయించి ఏపీవోకు తెలియజేయండి. ప్రత్యేక పరిస్థితుల్లో కాగితపు హాజరును జిల్లా స్థాయిలో ఆమోదించే వీలుంది. వారం గడిచాక అడిగితే ఎవరూ వినరు.

ఇంట్లో ఒక క్యాలెండర్ పెట్టుకోండి. పనికి వెళ్లిన రోజు మీద సున్నా చుట్టండి. పాలవాడి లెక్కలాంటిదే, నెలాఖరుకు దానికంటే గట్టి సాక్ష్యం ఉండదు.

## 6. కొలతలు: కూలి తగ్గేది ఇక్కడే

“307 అన్నారు, 190 పడింది. మిగతాది ఎవరు తిన్నారు?” అని అడుగుతారు. తిన్నవాళ్లు ఉంటే ఉండవచ్చు. కానీ చాలాసార్లు కొలతల్లోనే పోతుంది. ఇది రోజు కూలి కాదు, పనిని బట్టి కూలి. గంట విశ్రాంతితో కలిపి ఎనిమిది గంటలు మామూలుగా పనిచేస్తే 307 వచ్చేలా రేటు పెట్టాలన్నది నియమం. తవ్విన మట్టి తక్కువైతే కూలి కూడా తక్కువే.

లెక్క ఒకసారి చేసి చూద్దాం. 20 మంది గుంపు, 6 రోజులు, మొత్తం 120 పనిదినాలు. అందరికీ పూర్తి కూలి రావాలంటే 36,840 రూపాయల పని జరగాలి. ఆ నేలకు క్యూబిక్ మీటరుకు 200 రూపాయల రేటు అనుకుందాం (లెక్క కోసమే, మీ ఊరి రేటు అడిగి తెలుసుకోండి). అంటే 184 క్యూబిక్ మీటర్ల మట్టి తీయాలి. మనిషికి రోజుకు ఒకటిన్నర క్యూబిక్ మీటర్లు. మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఉన్న కందకం అయితే మూడు మీటర్ల పొడవు.

గుంపు 150 క్యూబిక్ మీటర్లే తవ్విందనుకోండి. 30,000 రూపాయలు, మనిషికి రోజుకు 250.

ఇప్పుడు అదే మస్టరులో పని చోటికి రాని నలుగురి పేర్లు కూడా ఉన్నాయనుకోండి. 30,000 ను 120 తో కాదు, 144 తో పంచుతారు. మీ కూలి 208 కి పడిపోతుంది. “వాళ్ల పేర్లు ఉంటే మాకేం నష్టం, సర్కారు డబ్బేగా” అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. రాని మనిషి తినేది సర్కారు సొమ్ము కాదు, మీ చెమట.

పని మొదలుపెట్టే రోజు అడగాల్సినవి

- ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తవ్వాలి? సున్నంతో గీతలు గీసి చూపించాలి.
- వెడల్పు ఎంత, లోతు ఎంత?
- ఏ నేల అని రాశారు? మెత్తదా, గట్టిదా, మొరమా? నేలను బట్టి రేటు మారుతుంది.
- తవ్విన మట్టి ఎంత దూరం మోయాలి, ఎంత ఎత్తుకు ఎక్కించాలి? దూరానికీ ఎత్తుకూ విడిగా రేటు కలుస్తుంది.
- పూర్తి కూలి రావాలంటే మనిషికి రోజుకు ఎంత తవ్వాలి?

చివరి ప్రశ్నకు, కొలతలు తీసే టెక్నికల్ అసిస్టెంటు మీటర్లలో జవాబు చెప్పాలి. “బాగా చేయండి, బాగా వస్తుంది” అన్నది జవాబు కాదు.

కొలతలో మీరు చేయగలిగినవి

గునపం మీద అడుగు నుంచి అర మీటరు దగ్గర ఒక రంగు గీత, మీటరు దగ్గర ఒక గీత పెట్టుకోండి. ఇదే మీ టేపు. సాయంత్రం వెళ్లేముందు ఆ రోజు తవ్వింది కొలిచి మేట్ పుస్తకంలో రాయించండి. చదువుకున్న పిల్లలు ఎవరైనా గుంపులో ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించండి.

పెద్ద గుంట తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేయండి. మొదట నేల ఎంత ఎత్తున ఉందో దాన్ని చూస్తే తెలుస్తుంది. చెరువు పూడికతీతలో ఇది లేకపోతే లోతు మీద గొడవ తప్పదు. ఒక్క వాన పడి నీళ్లు నిలిస్తే కొలిచేదెలా?

వారం చివర టేపు పట్టే రోజు గుంపులో ఇద్దరైనా పక్కనే ఉండండి. ఒకరు టేపు రెండో కొస పట్టుకోండి. అంకె చదవగానే మీ పుస్తకంలోనూ రాసుకోండి. లోతును ఒక్క చోట కాదు, మూడు నాలుగు చోట్ల కొలిచి సగటు తీయమనండి. మెరక దగ్గరే కొలిచి పోతే నష్టం మీకే.

మెత్త నేల అని రాసి, తవ్వుతుంటే కింద మొరం తగిలితే వెంటనే పని ఆపి ఫోన్ చేయండి. ఫోటో తీయండి. నేల రకం మార్చి రాయాలంటే గుంట తెరిచి ఉన్నప్పుడే సాధ్యం, పూడ్చాక దేవుడు కూడా చూడలేడు.

గుంపులో ముసలివాళ్లు, బాలింతలు ఉంటే వాళ్లను తోసేయకండి. నీళ్లు పోయడం, పిల్లల్ని చూడటం, మొక్కల పని లాంటివి వాళ్లకు ఇప్పించమని అడగండి. దివ్యాంగులకు తేలికపాటి పని చూపించాలన్న నిబంధన ఉంది.

ఇంకొక మాట. ఈ పనుల్లో కాంట్రాక్టర్లు ఉండకూడదు, మట్టి పనికి జేసీబీ వాడకూడదు. రాత్రి జేసీబీ వచ్చి పోయి, పొద్దున మిమ్మల్ని ఫోటోకు నిలబెడితే, “కష్టపడకుండా డబ్బు వస్తోంది కదా” అని సంబరపడొద్దు. తనిఖీలో పట్టుబడితే మస్టరులో ఉన్న పేర్లు మీవి.

## 7. నీడ, నీళ్లు, దెబ్బ తగిలితే

పని చోట తాగునీళ్లు, నీడకు టెంటు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే వాళ్లను చూసుకోవడానికి కూలీల్లోంచే ఒక మహిళను పెట్టి, ఆమెకు కూలి ఇవ్వాలి.

పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఉచితం. ఆసుపత్రిలో చేరితే ఉన్నన్ని రోజులూ కనీసం సగం కూలి ఇవ్వాలి. ప్రాణం పోయినా, శాశ్వతంగా పని చేయలేకపోయినా కుటుంబానికి ఎక్స్‌గ్రేషియా ఉంది. వీటన్నిటికీ ఆ రోజు మస్టరులో హాజరు ఉండాలి. దెబ్బ తగిలిన రోజే మేట్‌తో రాతపూర్వకంగా నమోదు చేయించి, ఆసుపత్రి చీటీ మీద “పని చోట గాయం” అని రాయించండి. ఎండదెబ్బకూ ఇదే దారి. ఏప్రిల్, మే నెలల్లో ఆరు గంటలకే పని మొదలుపెట్టి పదకొండు లోపు ఎక్కువ భాగం ముగించేలా గుంపుగా మాట్లాడుకోండి. రెండో ఫోటో సమయం మాత్రం ముందే మేట్‌తో తేల్చుకోండి.

## 8. కూలి పడకపోతే

మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. 16వ రోజు నుంచి బకాయి మీద రోజుకు 0.05 శాతం పరిహారం. 3,000 రూపాయలు ఆగితే రోజుకు రూపాయిన్నర. దానితో టీ కూడా రాదు, అయినా అడగండి. ఆలస్యానికి ఎవరు బాధ్యులో రాతలో తేలేది ఆ లెక్కతోనే.

ఊరికే ఆఫీసు చుట్టూ తిరగకుండా, డబ్బు ఎక్కడ ఆగిందో ముందు కనుక్కోండి. ఉపాధి హామీ (నరేగా) వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే మీ జాబ్‌కార్డు నంబరు మీద ఏ వారం ఎన్ని రోజులు, ఎంత కూలి అన్నది కనపడుతుంది. ‘జన మన్‌రేగా’ అనే యాప్ కూడా ఉంది. ఇంటర్‌ చదివే పిల్ల పది నిమిషాల్లో చూసి చెప్తుంది.

- మీ రోజులే కనపడకపోతే: హాజరు ఎక్కలేదు. క్యాలెండర్ తీసుకుని మేట్, ఫీల్డ్ అసిస్టెంటు దగ్గరికి వెళ్లాలి.
- రోజులు ఉన్నాయి, మొత్తం సున్నా అయితే: కొలతలు ఎక్కలేదు. టెక్నికల్ అసిస్టెంటును అడగాలి.
- మొత్తం ఉంది, చెల్లింపు ఆదేశం తయారవలేదు అంటే: మండలంలో ఆగింది. ఏపీవోను, ఎంపీడీవోను అడగాలి.
- ఆదేశం వెళ్లింది, ఇంకా పెండింగ్ అంటే: కేంద్రం నుంచి నిధులు రావాలి. ఊళ్లో ఎవరినీ తిట్టి లాభం లేదు.
- రిజెక్ట్ అని ఉంటే: ఆధార్, బ్యాంకు తేడా. కారణం పక్కనే రాసి ఉంటుంది. బ్యాంకులో సరిచేయించి, ఆ కాగితం మండల ఆఫీసులో ఇచ్చి మళ్లీ పంపమనండి. తానంతట అది మళ్లీ రాదు.
- పడినట్టు ఉంది, మీకు రాలేదు అంటే: ఏ బ్యాంకులో పడిందో చూడండి. ఆ అక్క కథ గుర్తుందిగా.

వేలిముద్రతో డబ్బు ఇచ్చే కియోస్క్ దగ్గర డబ్బు తీసేటప్పుడు చీటీ అడిగి తీసుకోండి. వేలిముద్ర రెండుసార్లు వేయించి “మొదటిది ఫెయిలైంది” అంటే, చీటీ చూడకుండా కదలొద్దు.

## 9. కార్డు తీసేశారని తెలిస్తే

కుటుంబం వలస పోయిందనో, పనికి ఇష్టపడటం లేదనో, నకిలీ అనో కారణం రాసి కార్డులు తొలగిస్తారు. బతికున్న మనిషిని చనిపోయినట్టు రాసిన సందర్భాలూ ఉన్నాయి. గ్రామసభ ముందు పెట్టకుండా తీసేయకూడదన్నది నియమం.

వెబ్‌సైట్‌లో మీ కార్డు పక్కన రాసిన కారణం చూడండి. ఏ తేదీ గ్రామసభలో తీర్మానించారో రాతపూర్వకంగా అడగండి. ఊళ్లోనే ఉంటున్నట్టు రేషన్ తీసుకున్న వివరాలు, కరెంటు బిల్లు జతచేసి ఎంపీడీవోకు దరఖాస్తు ఇవ్వండి. కొత్త కార్డు కాకుండా పాతదే పునరుద్ధరించమని అడగడం మంచిది, పాత రోజుల లెక్క పోకుండా ఉంటుంది.

## 10. సొంత పొలంలోనూ చేయించుకోవచ్చు

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, పేద కుటుంబాలు, సన్న చిన్నకారు రైతులు తమ భూమిలో పంట కుంట, మామిడి లేదా జీడి తోట, కంపోస్టు గుంత, పశువుల పాక లాంటివి అడగవచ్చు. జాబ్‌కార్డు ఉండి, ఆ పనిలో మీరూ కూలీగా దిగాలి.

ఈ పనులు వచ్చే ఏడాది ప్రణాళికలో ఉంటేనే మంజూరవుతాయి. ప్రణాళిక గ్రామసభలు అక్టోబర్ 2 చుట్టూ జరుగుతాయి. ఏప్రిల్‌లో వెళ్లి అడిగితే “లిస్టులో లేదు” అనే మాట వినాల్సి వస్తుంది. పట్టాదారు పాసు పుస్తకం జిరాక్సుతో సెప్టెంబర్‌లోనే దరఖాస్తు ఇచ్చి, గ్రామసభ రోజు మీ పేరు చదివేదాకా కూర్చోండి.

సామగ్రి డబ్బు, అంటే సిమెంటు, రేకులు వగైరా, కూలి కంటే ఆలస్యంగా వస్తుంది. అప్పు తెచ్చి పాక కట్టేసి బిల్లు కోసం ఏడాది ఎదురుచూసినవాళ్లను చూశాను. సామగ్రి తక్కువ, మట్టి పని ఎక్కువ ఉన్న పంట కుంటతో మొదలుపెట్టడం నా సలహా.

## 11. ఫిర్యాదు: ఎవరికి, ఏ వరుసలో

మొదట ఎంపీడీవో ఆఫీసు. ఫిర్యాదును రిజిస్టరులో రాసి 7 రోజుల్లో తేల్చాలని చట్టం చెప్తోంది. తేలకపోతే జిల్లాలో ఉపాధి పనులు చూసే అధికారులకు (ఆంధ్రలో డ్వామా, తెలంగాణలో డీఆర్‌డీఏ), ఉపాధి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కు. సోమవారం కలెక్టరేట్‌లో ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి ఉంటాయి. అక్కడ ఇచ్చే నంబరు దాచుకోండి.

ఫిర్యాదులో ఒక్క సమస్యే రాయండి. “మాకు అన్యాయం జరుగుతోంది” అని రాస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. “ఫలానా కార్డు నంబరు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆరు రోజులు పనిచేశాం, నాలుగు రోజులే ఎక్కింది” అని రాస్తే జవాబు ఇవ్వక తప్పదు.

వీటికంటే నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది సామాజిక తనిఖీ మీద. తనిఖీ బృందం ఊళ్లోకి వచ్చి ఇల్లిల్లూ తిరిగి, మస్టర్లు చదివి వినిపించి, మీరు పనికి వెళ్లారా, డబ్బు అందిందా అని అడుగుతుంది. ఆ రోజు పొలానికి వెళ్లిపోకుండా ఇంట్లో ఒక్కరైనా ఉండాలి. ఊళ్లో తేలిన విషయాలు గ్రామసభలో చదువుతారు, ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక జరుగుతుంది. అధికారులందరూ అక్కడే కూర్చుంటారు. మీ సంగతి అక్కడ చదివేటప్పుడు మీరు లేకపోతే “సంబంధిత కూలీ హాజరు కాలేదు” అని పక్కన పెట్టేస్తారు.

ప్రజావేదికకు తీసుకెళ్లాల్సినవి:

- జాబ్‌కార్డు అసలు
- పని అడిగిన రసీదులు
- సున్నాలు చుట్టిన క్యాలెండర్
- కొలతలు రాసుకున్న పుస్తకం
- బ్యాంకు పాసు పుస్తకం, తాజా ఎంట్రీలతో
- ముందు ఇచ్చిన ఫిర్యాదుల కాపీలు

ఒక్కరే వెళ్లకండి, గుంపుగా వెళ్లండి. పేరు పిలిచినప్పుడు మాట్లాడటానికి జంకని మనిషిని ముందే ఎంచుకుని, ఆమెతో ఇంటి దగ్గర ఒకసారి చెప్పించి చూడండి. పాసు పుస్తకం ముందు రోజే బ్యాంకుకు వెళ్లి ప్రింట్ వేయించండి. పొద్దున్నే వెళ్తే ఆ మెషీన్ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.